క్లీటస్ కోసిన అట్ట

అంత్రయోస్ పడవ మోటారును బండిలో వేసుకుని వచ్చేసరికి క్లీటస్ షెడ్డులో కుట్టుమిషనుకు నూనె వేస్తున్నాడు. తొమ్మిదేళ్ళుగా అతనికి దిక్కయింది ఆ పనే. మోటార్ల ఆనుపానులన్నీ ఎరిగిన మనిషి కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ, పెళ్ళాం జెర్మీనా నెత్తిన చేపల గంప మోసి తెస్తే తిన్నాడు.

దీనికి కారకులు ఇద్దరు. ఒకడు మార్సలీన్ అనే ఇంకో మెకానిక్కు, రెండోవాడు వాడి మాట నమ్మిన ఈ అంత్రయోస్. ఇదే మోటారును అప్పట్లో క్లీటస్ బాగుచేసిస్తే, నెల తిరక్కుండా మార్సలీన్ చేతికి వెళ్ళింది. "మోటారు తలకాయ, ఆ పవర్‌హెడ్ లేపి చూశాను. కొత్త సీలు కొట్టేసి పాతది పెట్టాడు మీ క్లీటస్. నేనే కొత్త సీలూ కొత్త అట్టా వేసి బిగించాను" అన్నాడు వాడు. అంత్రయోస్ ఆదివారం పూజ అయ్యాక చర్చి మెట్ల మీద నిలబడి, రేవంతా వింటుండగా క్లీటస్‌ను దొంగ అన్నాడు. విప్పి చూపిస్తానన్నా మోటారు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ పూట నుంచి ఒక్క మోటారూ క్లీటస్ గడప తొక్కలేదు.

ఇప్పుడు పవర్‌హెడ్ ఉప్పు పట్టి కింది కాలుకు అతుక్కుపోయింది. రొయ్యల కాలం మొదలైంది. అంత్రయోస్ వెనకాలే మార్సలీన్, చేతిలో ఉలి.

"నువ్వయితేనే లేపగలవంటున్నారు" అన్నాడు అంత్రయోస్ నేలచూపులు చూస్తూ.

"సందులో ఉలి పెట్టి ఒక్కటిస్తే ఊడొస్తుంది" అన్నాడు మార్సలీన్.

"ఉలి బయట పెట్టి రారా" అన్నాడు క్లీటస్. అన్న వరసతో పిలుస్తూ అంత్రయోస్‌తో, "చేట్టా, లేపడం వరకే నా పని. లేపేటప్పుడు మీరిద్దరూ ఇక్కడే ఉండాలి."

కొత్త అట్ట దొరకనప్పుడు క్లీటస్ చర్చి క్యాలెండరు అట్ట కోసి, గ్రీజు రాసి, నీరు దూరకుండా పవర్‌హెడ్ కింద వేసేవాడు. ఏ ఏడు వేసిందీ తర్వాత తెలియాలని ఆ ఏటి అంకె ఉన్న ముక్కే ఏరి కోసేవాడు. ఈ మోటారుకూ అదే వేశాడు. మార్సలీన్ నిజంగా విప్పి ఉంటే ఆ అట్ట ఎప్పుడో చెత్తలో కలిసిపోయింది. విప్పకపోతే ఇంకా అక్కడే ఉంది. ఉలి దూరితే చిరిగిపోతుంది, మంట పెడితే కాలిపోతుంది. పోయిన పరువంతా ఆ అట్ట మీదే ఉంది.

రెండు రోజులు బోల్టు బోల్టుకూ కిరసనాయిలు కలిపిన నూనె పట్టించాడు. పై చక్రాన్ని వెంట్రుకవాసి కుడికీ, వెంట్రుకవాసి ఎడమకీ ఆడించాడు. కొయ్య సుత్తితో చుట్టూ తట్టాడు.

"బాలింతకు నలుగు పెడుతున్నట్టున్నావే" అని నవ్వాడు మార్సలీన్. క్లీటస్ ఇంకో బోల్టుకు నూనె పట్టించాడు.

మూడో రోజు పొద్దున కప్పీకి గొలుసు తగిలించి, బిగువు చేసి వదిలేశాడు. మధ్యాహ్నానికి టక్కుమని చప్పుడయింది. పవర్‌హెడ్ గోరంత లేచింది. జెర్మీనా చేపలు కోసే సన్నకత్తిని సందులో మెల్లగా తిప్పి, గొలుసు లాగాడు.

అట్ట ఉంది. అంచులు నల్లబడ్డాయి, అంకె మాత్రం చెక్కుచెదరలేదు.

"పైకి చదవరా మార్సలీన్" అన్నాడు క్లీటస్.

"కళ్ళజోడు తేలేదు."

అంత్రయోస్ తనే వంగి చదివాడు. తొమ్మిదేళ్ళ కిందటి ఏడు. మార్సలీన్ వైపు తిరిగాడు. "విప్పానన్నావు కదరా?"

"అప్పుడూ లేవలేదు చేట్టా" అని గొణిగాడు మార్సలీన్. "చేతకాలేదంటే పరువు పోతుందని..."

"నీ పరువా?" అన్నాడు క్లీటస్.

అంత్రయోస్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "తప్పయిపోయింది క్లీటసూ. త్వరగా బిగించెయ్యి, రేపు సముద్రానికి పోవాలి."

క్లీటస్ చెయ్యి విడిపించుకున్నాడు. "ఇవాళ సోమవారం. ఆదివారం పూజ అయ్యాక అదే మెట్ల మీద ఈ అట్ట చూపించి, దొంగెవడో నీ నోటితో చెప్పు. బిగించడం ఆ తర్వాత."

"ఆరు రోజులు పడవ ఒడ్డునుంటే ఇంట్లో ఏం తింటాంరా?"

"ఆరు రోజులే కదా చేట్టా. జెర్మీనాను అడుగు, గంప ఇస్తుంది."