సొంత క్లబ్బులో సభ్యురాలు కాని సెక్రటరీ

ఆ రోజుల్లో, రాసిన ప్రోగ్రామ్ ఎంత పొట్టిగా ఉంటే నేను అంత గొప్పవాణ్ణని నా నమ్మకం. కివీల దేశంలోని పామర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో చదువు ముగించి, అక్కడే ఒక చిన్న ఆఫీసులో కొత్తగా చేరాను. ఊళ్లోని క్లబ్బులు తమ కాగితాలు, ఫోటోలు దాచుకునే వెబ్‌సైట్ మాది. అందులో ఏ ఫైలు ఎవరు తెరవచ్చో తేల్చే పద్ధతి మాత్రం మహా గందరగోళం. పేజీ చూపించేముందు ఒక తనిఖీ, ఫైలు దించుకునేముందు ఇంకొకటి. నాకు ముందు పనిచేసినవాళ్లంతా తలా ఒక షరతు తగిలించి పోయారు. దాంతో కొందరికి ఫైలు పేరు కనబడేది గానీ తెరుచుకునేది కాదు. (పేరు కనబడకుండానే తెరుచుకునేవీ ఉండేవి. వాటి ఊసెత్తితే మా బాస్ కాఫీకని లేచి వెళ్లిపోయేవాడు.)

బాస్ నెమ్మదస్తుడైన కివీ పెద్దమనిషి. అదంతా ఒక్కచోటికి తెచ్చి సులువు చేయమన్నాడు. నేను రెచ్చిపోయి షరతులన్నీ కొట్టేసి ఒకే ప్రశ్న మిగిల్చాను: ఈ మనిషి ఆ క్లబ్బు సభ్యుడా, కాదా? మా ఫ్లాట్‌లో ఉండే వరంగల్ అన్నకు అన్నాల దగ్గర ఈ ఘనకార్యాన్ని వర్ణించి వర్ణించి చెప్పాను. అంతా విని ఆయన, "మస్తుగుంది తమ్మీ, గానీ పప్పు చల్లారుతున్నది," అన్నాడు.

మర్నాడు, పచ్చిక మీద బంతులు దొర్లించి ఆడే బౌలింగ్ క్లబ్బు సెక్రటరీ మా ఆఫీసుకు వచ్చింది. తెల్లజుట్టు, చేత్తో అల్లిన స్వెటర్. మనసులో ఆంటీ అనుకున్నాను. ఆ సాయంత్రమే వాళ్ల వార్షిక సమావేశం, కాగితాలన్నీ మా దగ్గరే ఉన్నాయి. కొత్త పద్ధతి చూపించమని బాస్ నన్ను పిలిచాడు. నా వీసాకు కావలసిన ఉత్తరం మీద ఆయన ఇంకా సంతకం పెట్టలేదు. ఆవిడ పాస్‌వర్డ్ కొట్టగానే, నేనే ఎంతో మర్యాదగా రాసిన వాక్యం తెర మీదికి వచ్చింది: మీరు ఈ క్లబ్బు సభ్యులు కారు.

"ఇన్నేళ్లుగా అక్కడ గడ్డి కోయిస్తున్నది నేనే. సభ్యురాలిని కానా?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. నాకు భయమేసింది అందుకే.

వెతికితే సంగతి బయటపడింది. క్లబ్బు ఖాతా తెరిచింది ఆవిడే. అందరి పేర్లూ సభ్యుల్లో చేర్చి తన పేరు మరిచిపోయింది. ఖాతా తెరిచినవాళ్లను లోపలికి రానివ్వమనే పాత షరతు ఒకటి ఆవిణ్ణి ఇన్నాళ్లూ ఆదుకుంది. దాన్నే నేను దండగని కొట్టేశాను. తడబడుతూ ఇదంతా చెప్పాను. బాస్ తెర వంక చూసి, "కంప్యూటర్ అబద్ధం చెప్పలేదు మరి," అన్నాడు.

ఆవిడ నవ్వి, "నా పేరు నాకెప్పుడు గుర్తుంది గనక, చేర్చు నాయనా," అంటూ నా భుజం తట్టింది. చేర్చాను. ఫైళ్లు తెరుచుకున్నాయి. ఖాతా తెరిచిన మిగతావాళ్లందర్నీ వెతికి సభ్యులుగా చేర్చే పని బాస్ నాకే అప్పగించి, నా ఉత్తరం మీద సంతకం పెట్టాడు. ఆ శనివారం ఆవిడ నన్ను ఆటకు పిలిచింది. నేను వేసిన బంతి దొర్లుకుంటూ పోయి పడకూడని పక్క గుంటలో పడితే ముసలివాళ్లంతా మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టారు.

ఇప్పుడు పెద్ద నగరం శివారు టకానినిలో ఇల్లు, నా కింద పనిచేసే నలుగురు పిల్లలు. వాళ్లు ప్రోగ్రామ్‌లో ఒక్క లైను తీసేస్తామన్నా మీటింగ్ పెట్టి, ఆ మీటింగ్‌లో ఇంకో మీటింగ్ ఖాయం చేస్తాను. జాగ్రత్త నేర్చుకున్నానని మా ఆవిడతో గర్వంగా చెప్పుకుంటాను కూడా. కానీ పొద్దున మోటార్‌వే మీద కార్లు కదలనప్పుడు, ఈలవేస్తూ అంత హాయిగా కొట్టివేతలు చేసిన ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాడి మీద నాకు జాలి కలగాలి నిజానికి. కాస్త అసూయే కలుగుతుంది.