ఒర వదలని పెండ్లి కత్తి

పెండ్లిలో పెండ్లికూతురు ఏడిస్తే చూసి ఉంటారు. వియ్యంకులు అలిగితే చూసి ఉంటారు. ముహూర్తం ముంచుకొస్తుంటే పెండ్లికొడుకు పందిట్లోకి కాలు పెట్టే వీలు లేక, చెప్పులు విడిచే చోట చెప్పులకు కాపలా ఉన్నట్టు నిలబడిన పెండ్లి మాత్రం చూసి ఉండరు. అది నా పెండ్లి. దానికి శత్రువులెవరూ కారణం కాదు. నేనూ, నేను నా చేతులతో చేసుకున్న ఒక కత్తీ కారణం. ఎక్కడ నవ్వాలో మీకు నేను చెప్పనక్కర లేదు. ఊరు ఎక్కడెక్కడ నవ్విందో మాత్రం నాకు నేటికీ కంఠస్థం.

మా కరీంనగర్ వైపు పసుపు రాసి ఒకణ్ణి పెండ్లికొడుకును చేశారంటే, ఇక వాడి చేతిలో కత్తి ఉండవలసిందే. మొనకు నిమ్మకాయ గుచ్చుతారు. గాలీ ధూళీ సోకకుండా అది కాపాడుతుందట. మూడు ముళ్ళు పడేదాకా దాన్ని వదలకూడదు. తిన్నా, పడుకున్నా, తుమ్మినా చేతిలోనే. అందరిళ్ళలో అటువంటి కత్తి ఉండదు కనుక ఉన్నవాళ్ళింటి నుంచి అడిగి తెచ్చుకోవడం ఆనవాయితీ. మా ఊళ్ళో పటేలు గారింట్లో ఒక కటారు ఉండేది. ఊరి మగవాళ్ళంతా దాన్ని పట్టుకునే ఇంటివాళ్ళయ్యారు.

నేను ఊరందరిలాంటివాణ్ణా? చదువుకున్నవాణ్ణి. బడిలో కాదు లెండి, బడి నన్ను తొందరగానే వదిలించుకుంది. సుల్తానాబాద్ గ్రంథాలయంలో చదువుకున్నాను. హైదరాబాదు రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త రోజులవి. బీరువాల నిండా తెలుగు పుస్తకాలు. కంచె దాటిన మేకలాగా ఏది ముందు, ఏది వెనక అని లేకుండా మేశాను. కోళ్ళ పెంపకం, వేదాంతం, రత్నపరీక్ష, చేతిపనులు, అన్నీ ఒకే కడుపులో పడ్డాయి. పెండ్లిచూపుల నాడు పిల్ల తండ్రి రాజలింగం గారు, "పిలగాడు ఏం సదివిండు?" అని అడిగితే, మా మేనమామ పోశం, "ఏం సదవలేదో అడుగుండ్రి" అన్నాడు. ఆ ఒక్క మాటతో సంబంధం ఖాయమైంది. రాజలింగం గారికి రెండే పట్టింపులు: అల్లుడు చదువుకున్నవాడై ఉండాలి, శకునం బాగుండాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి ఢీకొంటాయని ఆయనా అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

"పటేలింటి కటారు అడుక్కొస్త" అంది మా అవ్వ, నన్ను కన్న తల్లి. "మీ బాపు గూడ గదే పట్టుకున్నడు."

"అరువు కత్తి నాకెందుకే అవ్వా. నేనే చేసుకుంట. పుస్తకంల ఉన్నది."

"పుస్తకంల బువ్వ ఒండుడు గూడ ఉంటది. ఒక్కనాడన్న ఒండినవా?"

ఈ ప్రశ్నకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరకలేదు కనుక నేను పనిలోకి దిగాను.

కత్తి అలుగు కోసం మా ఊరి కమ్మరి దగ్గరికి వెళ్ళి, బండిచక్రానికి వేసే పాత ఇనుప పట్టా ముక్కను సాగగొట్టించాను. ఆయన నాకంటే ఉత్సాహవంతుడు. "పుస్తకంల ఇంక ఏమున్నది?" అని అడిగి అడిగి కొట్టాడు. ఇక పిడి. చెక్కతో చేస్తే కొడవలికీ నా కత్తికీ తేడా ఏముంది? మా పోశం మామ ఆసిఫాబాద్ అడవిలో కంట్రాక్టరు దగ్గర పని చేసేవాడు. అక్కడి వాగులో దొరికిందని ఒక రాయి తెచ్చాడు. దోసకాయంత పొడుగు, తేనె రంగు, లోపల పుట్టుకతోనే ఒక తొర్ర. ఇసుకరాయి మీద నీళ్ళు పోసి రుద్దీ రుద్దీ నా గోళ్ళు అరిగాయి గాని, అది మాత్రం దీపంలా వెలిగింది. రత్నాల పుస్తకంతో పోల్చి చూశాను. గోమేధికం. సందేహమే లేదు. తొర్రలో లక్క కరిగించి పోసి, కత్తి తోక అందులో గుచ్చాను.

ఇక ఒర. తోలును నీళ్ళలో నానబెట్టి, కత్తిని లోపల ఉంచి కుట్టి, ఎండలో ఆరబెడితే, ఒర కత్తి ఒంటికి కుట్టించిన అంగీలా అమరుతుందని పుస్తకం సారాంశం. నేను కటికాయన దగ్గర పచ్చి మేకతోలు తెచ్చాను. అది ముందే తడిగా ఉంది. నానబెట్టే పని తప్పిందని సంతోషించాను. పదును చేసిన తోలు వేరు, పచ్చి తోలు వేరు కదా అని మీరు ఇప్పుడు అడుగుతున్నారు. అప్పుడు అడిగితే బాగుండేది. పుస్తకం తోలు అంది, ఇది తోలే, నాకు ఇంకేం కావాలి?

ఎండిన తర్వాత మామ దాన్ని వేలితో కొట్టి చూశాడు. టంగుమంది.

"అల్లుడా, గిది ఒర తీర్గ లేదు, డప్పు తీర్గ మోగుతంది."

"గట్టిదనం మామా."

నలుగు పెట్టిన రోజు అవ్వ నిమ్మకాయ పట్టుకొని వచ్చింది. "కత్తి తియ్యి బిడ్డా, గుచ్చాలె." లాగాను. రాలేదు. పళ్ళు బిగించి లాగాను. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. నా ఒరలో ఒక్కటే ఇమిడింది, మళ్ళీ బయటి లోకం ముఖం చూడనంత గట్టిగా ఇమిడింది.

"ఇప్పుడు దూస్తె దిష్టి తగుల్తదే అవ్వా. పందిట్ల దూస్త."

"గట్లని పుస్తకంల ఉన్నదా?"

"ఉన్నది."

అవ్వ నిమ్మకాయకు దారం కట్టి ఒరకు వేలాడదీసింది.

ఆడపెండ్లివాళ్ళ ఊరికి బండ్లు కట్టుకొని బయలుదేరాం. ఎండ ముదిరిన కొద్దీ ఒర వాసన వేసి తన పుట్టుక చెప్పుకోసాగింది. మొదట ఒక కుక్క బండి వెనక వచ్చింది. దానికి చుట్టాలు ఎక్కువ అనుకుంటాను. పెండ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినవాడి సంగతి లోకానికి తెలుసు. కుక్కలను ఊరేగింపుగా తీసుకుపోయినవాణ్ణి నేనే. ఎదురు వచ్చిన రాజలింగం గారు మా వెనక చూసి, "బావా, గివన్ని మీ దిక్కు చుట్టాలేనా?" అని మామను అడిగారు. మామ తలపాగా సర్దుకున్నాడు.

పందిరి గడప దగ్గర పెండ్లి చేయించే అయ్యగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు నాయనా. చేతిలో అది తోలేనా?"

"ఒర అయ్యగారూ."

"తోలు పందిట్లోకి రాదు. బయట పెట్టి రా."

"కత్తి చెయ్యి ఇడువొద్దు గద."

"కత్తి దూసుకొని రా. ఒర బయట పెట్టు."

"అది... రాదు."

అయ్యగారు నన్ను చూశారు, ఒరను చూశారు, ఆకాశాన్ని చూశారు. ఒర లోపలికి రాకూడదు. కత్తి చేతిని వదలకూడదు. కత్తి ఒరను వదలదు. అంటే నేను లోపలికి పోలేను, కత్తిని బయట పెట్టలేను, వెనక్కి తిరిగితే కుక్కలు. ఆయన చదివిన శాస్త్రంలో దీనికి విధి లేదు, నా గ్రంథాలయంలో అసలే లేదు.

అప్పుడు పెద్దలు సలహాలు మొదలుపెట్టారు.

"పిలగాడు బయటనే నిలవడి చెయ్యి లోపలికి చాపి తాళి కడ్తె?"

"పందిరి జర గిటు జరుపుండ్రి."

"పిల్లనే బయటికి తోలుకస్తె?"

"చెప్పుల నడుమ పెండ్లా? తలకాయ ఉన్నదా నీకు?"

"అయ్యగారూ, మూర్తం పోతది, పరేషాన్ చెయ్యకుండ్రి, ఏదో ఒకటి చెప్పుండ్రి" అన్నారు రాజలింగం గారు. ఈ ముహూర్తం తప్పితే ముందంతా మూఢమే. ఆయన ముఖం చూస్తే, ఆ మూఢం పోయేలోపు వేరే అల్లుణ్ణి వెదుక్కునేటట్టే ఉన్నారు.

"గుంజుడే" అన్నాడు మామ. ఆయన ఒర పట్టుకున్నాడు. నేను పిడి పట్టుకున్నాను. నన్ను వెనక నుంచి కాబోయే బామ్మర్ది నడుము పట్టుకున్నాడు. డప్పులవాళ్ళు సంగతి తెలియక ఉత్సాహంగా దరువు పెంచారు. ఎండకు లక్క మెత్తబడి ఉందన్న విషయం ఎవరికీ తట్టలేదు. ఒక్క గుంజుకు నేనూ బామ్మర్దీ చెప్పుల మీద పడ్డాం. లేచి చూస్తే నా చేతిలో మెరుస్తున్న రాయి పిడి ఉంది. మామ చేతిలో ఒర ఉంది, దాని కడుపులో కత్తి భద్రంగా ఉంది. మామ ఆశ్చర్యంలో ఉండగానే ఒక కుక్క ఒరను అందుకొని, నిమ్మకాయతో సహా పొలాలకు అడ్డం పడింది.

"మరి అయ్యగారూ, కత్తి చేతిల ఉన్నట్టా, లేనట్టా?" అన్నారు రాజలింగం గారు.

అయ్యగారు కళ్ళు మూసుకొని, "పిడి కూడా కత్తిలో భాగమే. తోలు పోయింది. రా నాయనా" అన్నారు.

అక్కడితో ఈ కథ సుఖాంతం కావాలి. పీటల మీద కూర్చున్నాను. అడ్డుతెర పట్టారు. అయ్యగారు మర్యాదకు, "రాయి బాగుంది. ఏం రాయి?" అన్నారు. పాఠకులారా, నోరు మూసుకోవడం గురించి కూడా గ్రంథాలయంలో పుస్తకం ఉండే ఉంటుంది. నేను అందాకా రాలేదు.

"గోమేధికం అయ్యగారూ. నవరత్నాల్లో ఒకటి. రాహువుకు ప్రీతి."

డప్పులు ఆగిపోయాయి.

"రాహువా?" అన్నారు రాజలింగం గారు.

"గోమేధికం లేదు, గీమేధికం లేదు బావా" అని మామ అడ్డం పడ్డాడు. "వాగుల రాయి. నేనే ఏరుకొచ్చిన."

"నీకు తెల్వదు మామా, రంగు సూడు, పుస్తకంల..." అన్నాను నేను. అన్నాను. ఆ మాట అన్నది నేనే.

రాజలింగం గారు నా ముందుకు వచ్చి నిలబడ్డారు. "పిలగా, ఒక్క మాట చెప్పు. గోమేధికమా, వాగురాయా? రాహువు రాయి పట్టుకున్న చేతికి నా బిడ్డనియ్య."

నేను పిడి వైపు చూశాను. గోళ్ళు అరిగేలా రుద్దిన రాయి. పుస్తకంలోని ప్రతి లక్షణానికీ సరిపోయిన రాయి.

"వాగురాయే" అన్నాను.

"మరి పుస్తకం?"

"పుస్తకంల... నేనే తప్పు సదివిన."

"తప్పు సదివినవా?" ఆయన గొంతు ఇంకా పెరిగింది. "సదువుకున్నోడనే గద నీకు పిల్లనిస్తున్న. సదువు రాకపాయె, ఇంక దేన్ని చూసి ఇయ్యాలె?"

గోమేధికం అంటే పెండ్లి లేదు. వాగురాయి అంటే చదువు లేదు, చదువు లేకుంటే పెండ్లి లేదు. అయ్యగారి వైపు చూశాను. ఆయన మామ వైపు చూశారు. మామ, కుక్క పోయిన దిక్కు చూశాడు.

అప్పుడు అడ్డుతెర వెనక నుంచి పెండ్లికూతురు గొంతు వినిపించింది. అదే నేను మొదటిసారి వినడం.

"బాపూ, సదువుతోని నాకేం పని. నువ్వు వద్దనంగనే గోమేధికాన్ని వాగురాయి చేసిండు. చెప్పిన మాట గింత జల్ది ఇనేటోడు మల్ల దొరుకడు. తాళి కట్టుమను."

రాజలింగం గారు అయ్యగారికి కానిమ్మని చెయ్యి ఊపారు. పందిరంతా నవ్వింది. ముహూర్తం తప్పలేదు.

అందుచేత, అగ్నిసాక్షిగా ఆ రోజు మనసులో చేసుకున్న ప్రతిజ్ఞను ఇక్కడ అచ్చులో పెడుతున్నాను. పచ్చి తోలుతో ఒర కుట్టను. ఏ రాయికీ పేరు పెట్టను. నా తర్వాతి పెండ్లికి కత్తి అరువే తెచ్చుకుంటాను.

ఇంతవరకు రాసి మా ఇంటావిడకు చదివి వినిపించాను. ఆమె బియ్యం చెరుగుతున్న చేట పక్కన పెట్టి, ఆఖరి వాక్యం మళ్ళీ చదవమంది. చదవలేదు. ఆ వాక్యం మీరు కూడా చదవనట్టే లెక్క.