ఎడమవైపు గురువారం చేస్తానన్న డాక్టరమ్మ

ఆదివారం పొద్దున్నే పక్కింటాయన మా గేటు దగ్గర నిలబడి, "బావా, మన పళ్ళ డాక్టరమ్మ పోయిందట. గుండెపోటట" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "నోర్ముయ్. మొన్న గురువారమే గదా నాకు సిగుళ్ళు శుభ్రం సేసింది. ఎలా పోతాది?" అని కసిరాను. ఆవిడకి యాభై రెండేళ్ళు. ఇది రాస్తూ కూడా నేను నమ్మలేకపోతున్నాను.

కూర్మన్నపాలెంలో ఆవిడది రెండు గదుల ఆసుపత్రి. వెళ్ళేవాళ్ళలో ఎక్కువమందిమి స్టీలు ప్లాంటులో రిటైరైనవాళ్ళం, షుగరువాళ్ళం. బ్రష్ చేస్తే రక్తం వచ్చినా వయసు కదా అని సరిపెట్టుకునేవాళ్ళం. నేనైతే రెండు పళ్ళు కదులుతున్నా ఇంట్లో చెప్పకుండా, జంతికలు టీలో నానబెట్టుకు తిన్నాను. ఆవిడ రైతుల ఇంటి పిల్ల, మాతో మా మాటల్లోనే చెప్పేది. "ముసలితనం కాదు బాబాయ్, సిగుళ్ళలో సీము. అదుంటే షుగరు దిగదు. షుగరు దిగకపోతే అది మానదు."

మొదటిసారి వెళ్ళినప్పుడు నేనో ఘనకార్యం చేశాను. రక్తపరీక్షకి పరగడుపున వెళ్ళే అలవాటు కదా, ఇదీ అంతే అనుకుని, షుగరు మాత్ర మాత్రం వేసుకుని వెళ్ళాను. కుర్చీలో పడుకోగానే చెమటలు, చేతుల్లో వణుకు. ఆవిడ పని ఆపేసి నా చేత గ్లూకోజు నీళ్ళు తాగించి, అరగంట నా మణికట్టు పట్టుకుని కూర్చుంది. తేరుకున్నాక తిట్టింది. "తినకుండా మాత్రేసుకుని వచ్చేత్తారేటి? నా కుర్సీలోనే పోదామనా?"

ఈ పని చేసింది నేనొక్కణ్ణే కాదట. అందుకే ముందురోజు సాయంత్రం ఆవిడే స్వయంగా ఫోన్ చేసి, "రేపు టిఫిన్ తినేసి రండి" అని చెప్పేది. ఏ డాక్టరు చేస్తారండీ అలా?

ఆ చివరి గురువారం చిగుళ్ళ కింద పేరుకున్న గార కుడివైపు తీసింది. ఎడమవైపు వచ్చే గురువారం అంది. మూడు నెలలయ్యాక షుగరు పరీక్ష కాగితం తెచ్చి చూపించమంది. "కొంచెం దిగొచ్చు. దిగకపోతే నన్ను తిట్టకండి, పళ్ళైతే మిగుల్తాయి" అని నవ్వింది. ఇప్పుడు మా కోడలు మధురవాడలో ఇంకో డాక్టరు పేరు చెబుతోంది. వెళ్తాను. సగంలో వదిలేస్తే ఆవిడ పడిన కష్టమంతా వృథా అవుతుంది. కానీ ఇంకొకరి ముందు నోరు తెరవాలంటే ఏడుపొస్తోంది.

గురువారం పదింటికి తెలిసి తెలిసే ఆవిడ ఆసుపత్రికి వెళ్ళాను. షట్టరు దించి ఉంది. సబ్బవరం నుంచి వచ్చిన ఒక పెద్దామె ఆటో దిగి, "డాక్టరమ్మ ఇంకా రానేదేటి బాబూ?" అని అడిగింది. అక్కడ ఇంకెవరూ లేరు. నేనే చెప్పాను. ఆమె నమ్మలేదు. సంచిలోంచి చీటీ తీసి నా ముందు పెట్టింది. "ఇదిగో, ఈయేలే రమ్మని ఆయమ్మే రాసింది గదా!" నిజమే, ఆవిడ చేతిరాతే. కాసేపటికి ఆమె షట్టరు ముందు మెట్టు మీద కూలబడింది. చీటీని ఒళ్ళో పరుచుకుని, మడతలు పోయేలా అరచేత్తో నిమురుతూనే ఉంది.