కప్పులో ఆకు

మంచిర్యాల నుంచి గోదావరిఖని వెళ్లే బస్సులో ఒక మధ్యాహ్నం నేనూ, నా తోటి లెక్చరరూ వాదించుకుంటున్నాం. కన్ను ఒక్కటి చూస్తే చాలు, ఎవరో ఆలోచించి చేశారని తెలియదా అని ఆయన. జీవం తనంతట తానే పుట్టింది, కోట్ల ఏళ్లు పట్టింది, అంతే అని నేను.

ముందు సీట్లో మనిషి వెనక్కి తిరిగాడు. బొగ్గు బాయిలో డ్యూటీకి పోతున్నాడని బూట్లే చెబుతున్నాయి. టిఫిన్ సంచిలోంచి అరచేతంత నల్లరాయి తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద నాలుకలా పొడవైన ఆకు, ఈనెలతో సహా అచ్చుపడి ఉంది.

"ఎంత బాగుందో!" అన్నాను.

"బాయిల పైకప్పుకు గిసొంటి ఆకు కనవడితే ఆడ ఒక్క నిమిషం ఉండం సార్. ఆకు ఉన్నకాడ పొర ఇడుస్తది, బండ మన మీద పడ్తది. మొన్న నా జోడీదారు చూసుకోలే. ఇది ఆయన పక్కన దొరికింది."

నేను గబుక్కున రాయి తిరిగిచ్చేశాను.

"ఇయ్యాల అదే జాగల నా డ్యూటీ. దీన్ని చేసినోడు ఉంటే మొక్కుకొని దిగుత. దానంతట అదే అయితే నేను ఎవలకు మొక్కాలె? సదువుకున్నోళ్లు, జల్ది చెప్పుండ్రి. నా స్టాప్ అచ్చింది."

నేను అతని బూట్ల వైపు చూశాను. దేవుడి పక్షాన అంతసేపు వాదించిన నా మిత్రుడు కిటికీ వైపు తిరిగాడు. బాయి మనిషి రాయిని రుమాల్లో చుట్టుకుని దిగిపోయాడు.

జీవం తనంతట తానే పుట్టిందనే పాఠం క్లాసులో ఇప్పటికీ చెబుతున్నాను. బోర్డు మీద ఆకు బొమ్మ గీసే ముందు మాత్రం ఒకసారి తలెత్తి స్లాబు చూసుకుంటాను.