గొడుగు తీసినావా?

ఫోటో తీయడమంటే కెమెరా మూత తీసి, అంకెలు లెక్కపెట్టి, మళ్లీ మూత పెట్టడమే అయిన కాలంలో నేను ఆదోనిలో మా మామ స్టూడియోలో పని నేర్చుకున్నాను. (నేర్చుకున్నానన్నది నా మాట. మామ ఎన్నడూ ఒప్పుకోలేదు.) అప్పటి ఫిల్ము డబ్బాలకు ఒక గుణం ఉండేది. పేరొకటే, పైన బొమ్మ ఒకటే, లోపలి సరుకు మాత్రం డబ్బా డబ్బాకూ మారేది. ఒకదానికి మూడంకెల వెలుతురు చాలితే ఇంకోదానికి ఆరు కావాల్సి వచ్చేది. అందుకని కొత్త డబ్బా విప్పగానే మామ తన నల్ల గొడుగును, తెల్ల తువ్వాలును పెరటి గోడకు పక్కపక్కన తగిలించి మొదటి ఫిల్ము వాటికి తీసేవాడు. దాన్ని మందునీళ్లలో కడిగి చూసి, గొడుగు మడతలు ఎన్ని అంకెలకు కనిపిస్తాయో తేలిందాకా ఆ డబ్బాలో ఇంకోటి ముట్టనిచ్చేవాడు కాదు. మా స్టూడియోలో అందరికంటే ఎక్కువ ఫోటోలు దిగింది ఆ గొడుగే. పంతొమ్మిదేళ్ల నాకు అదంతా ఒట్టి చాదస్తంగా కనిపించేది.

ఒకసారి ఎమ్మిగనూరు నుంచి కబురొచ్చింది. అక్కడ అందరూ మగ్గం తాత అని పిలిచే ముసలాయన ఒక చీర నేశాడట, దానికి ఫోటో కావాలట. మామ చలిజ్వరంతో కంబళి కింద ఉన్నాడు. కొత్త డబ్బా విప్పుతున్నావు, గొడుగు మరవద్దని కంబళిలోంచే చెప్పాడు. సరే మామా అన్నాను. బస్సుకు టైమైపోతోందని ఆ పని ఎగ్గొట్టాను. నా అంకెల లెక్క మీద నాకంత నమ్మకం మరి!

ఎమ్మిగనూరులో తాత చీర విప్పి చూపించాడు. కుంకుమ రంగు చీర, ముదురాకుపచ్చ అంచు, అంచు పొడుగునా చిలకలు, మామిడి పిందెలు. తాత దాన్ని రెండు చేతులా పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. "రేపు షావుకారి మనిషి వచ్చి తీస్కపోతాడప్పా. నా కండ్లకు పొర కమ్మినాది, ఇంక నేసేది లేదు. ఇదే ఆకరుది. అంచు బాగా పడాల" అన్నాడు. నేను పెద్ద పనివాడిలా తల పంకించి, మూత తీసి, పాత డబ్బా లెక్కనే మూడంకెలు లెక్కపెట్టాను. ఎందుకైనా మంచిదని రెండో ఫోటో కూడా తీశాను. అదీ మూడంకెలే!

ఆదోనికి వచ్చి చీకటి గదిలో ఫిల్ము కడిగి, కాగితం మీద అచ్చు వేసి చూసేసరికి నా ప్రాణం పోయింది. తాత తెల్ల మీసం వెంట్రుక వెంట్రుకా పడింది. చీర మాత్రం నల్ల గొంగడి. చిలకల్లేవు, పిందెల్లేవు. రెండోదీ అంతే. మళ్లీ తీద్దామంటే చీర అప్పటికే ఊరు దాటిపోయింది. మామ ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "గొడుగు తీసినావా?" అని ఒక్కమాట అడిగి గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

ఫోటో ఇచ్చి రావడానికి మళ్లీ నేనే పోవాల్సి వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టిందనీ, ముదురు రంగు సరిగా పడదనీ దారంతా వల్లించుకున్న అబద్ధాలన్నీ చెప్పాను. తాత ఫోటోను కంటికి ఆనించుకుని చాలాసేపు వెతికాడు. "ఈ ఫిలిము కొత్త పెట్టెలోదా అప్పా?" అన్నాడు. అవునన్నాను. "మేము కొత్త కాగులో రంగు కాస్తే ముందు ఒక పోగు ముంచి సూస్తాము. ఒక కాగు రంగు ఇంకో కాగుకు రాదు. మీ పనిలో అట్ల సూసేది లేదా?" తలొంచుకుని బస్సెక్కాను. ఈ జన్మకు కెమెరా ముట్టకూడదనుకున్నాను. (మూడో రోజే ముట్టాను, తిండి గడవాలి కదా.)

కొన్నేళ్లకు ఏదో పెళ్లికి ఫోటోలు తీయడానికి ఎమ్మిగనూరు పోయి, తాతను చూడకుండా తిరిగి రావడానికి మనసొప్పక ఆయన ఇంటికి వెళ్లాను. గోడకు అదే ఫోటో, అద్దం కట్టించి! తాతకు చూపు పూర్తిగా పోయింది. వచ్చిన చుట్టానికెవరికో ఆ నల్లటి గొంగడి మీద వేలు పెట్టి చూపిస్తున్నాడు. "ఇది పిందె. ఇది సిలక. ముక్కు సూడు, ఎట్ల వంగిందో." వేలు ఎక్కడా తడబడలేదు. చుట్టం ఏమీ అర్థంకాక నావైపు చూశాడు.

"బాగా పడింది తాతా" అన్నాను.

గొంతు గుర్తుపట్టి తాత ఇటు తిరిగాడు. "నువ్వా అప్పా? ఇప్పుడన్నా ముందు ఒకటి తీసి సూస్తాండావా?"

చూస్తున్నానన్నాను. అది మాత్రం అబద్ధం కాదు. మామ గొడుగు అప్పటికి నా పెరటి గోడకే వేలాడుతోంది.