నలగని పుస్తకం

కొత్తవాడలో జంపఖానాల మగ్గాలకు రంగు నూలు చుట్టే ఫర్జానా చేతులు ఏనాడూ తెల్లగా ఉండవు. ఒకనాడు ఎరుపు, ఒకనాడు పచ్చ. బడి ముఖం చూడని ఆమెకు ఆ చేతులంటే సిగ్గు లేదు గాని, వాటితో పుస్తకం ముట్టాలంటే భయం. అందుకే అంగన్‌వాడీ నుంచి ఐదేండ్ల కూతురు సుమేరా తెచ్చిన బొమ్మల పుస్తకాన్ని ఉతికిన దస్తీ గుడ్డలో చుట్టి, ఖురాన్ పెట్టుకునే అలమారలోనే కింది అరలో దాచింది. రోజూ పని దిగగానే సబ్బుతో తన చేతులు రుద్దుకుని, బిడ్డ చేతులూ కడిగి, అప్పుడు విప్పేది. అక్షరం రాదు కనుక బొమ్మ చూసి తల్లి ఒక మాట, బిడ్డ ఒక మాట కలిపి కథ అల్లుకునేవాళ్ళు.

శనివారం అంగన్‌వాడీలో తల్లుల మీటింగు. టీచరు తిరుమల వారం కింద ఇచ్చిన పుస్తకాలు వెనక్కి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూసింది. లక్ష్మీనర్సమ్మ మనవడి పుస్తకం అట్ట ఊడి, పప్పు మరకలతో ఉంది.

"ఇగో, చదివిన పుస్తకమంటే ఇట్లుండాలె!" అని మెచ్చుకుంది టీచరు.

అందులో సగం తమ మేక నమిలిందని లక్ష్మీనర్సమ్మ చెప్పలేదు. వచ్చే మెప్పును ఎవరు కాదంటారు?

తర్వాత దస్తీ మూట విప్పింది తిరుమల.

"ఏందిది ఫర్జానా? మడత సుత పడలే. ఒక్కనాడన్న తెరిసినవా? చదువు రానోళ్ళింటికి పంపుడు నాదే తప్పు. ఇగ నీకియ్య."

పక్కనే ఉన్న సుమేరా, తల్లి చున్నీ పట్టుకుంది. "అమ్మీ, మన ఏనుగును తీస్కపోతాందా?"

చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు ఎప్పుడూ లోకువే. తనను అంటే ఫర్జానా పడేదేమో. బిడ్డ గొంతు వినేసరికి ఒళ్ళు మండింది.

"సాఫ్‌గ ఉంచుడు సుత తప్పేనా టీచరమ్మా? చేతులు కడుక్కొని ముట్టినం, గదే మా నేరమా? చెప్పు బేటా, కథ చెప్పు!"

పిల్ల పుస్తకం లాక్కుని పేజీలు తిప్పింది. ఏనుగు కాజీపేట టేషన్‌కు పోయిందట. టికెట్ అడిగితే తొండం చూపిందట. రైలు డబ్బాలో పట్టక ఏడిచిందట. ఆఖరి బొమ్మ దాకా ఎక్కడా తడుముకోలేదు. తల్లులు పొట్టలు పట్టుకుని నవ్వారు.

"అండ్ల గట్ల లేదు. ఏనుగు పెండ్లికి పోయిందని ఉన్నది" అంది తిరుమల.

"ఏమున్నదో నువ్వు ఒక్కపారన్న చదివి ఇనిపించినవా? సంచిల పెట్టి ఇచ్చుడు, వారమైనంక మమ్ములనే నిలబెట్టి అడుగుడు! మాకు చదువు రాదు గని చెవులున్నయ్. చదువు, ఇంటం. ఇంటికి పోయి పిల్లలకు చెప్తం."

"గది నిజమే టీచరమ్మా" అంది లక్ష్మీనర్సమ్మ. "నా పుస్తకం చదివింది మా మేకనే."

తిరుమల ముఖం కందగడ్డయింది. కుర్చీ దిగి చాప మీద కూర్చుని చదవడం మొదలుపెట్టింది. ఫర్జానా ప్రతి పేజీ దగ్గరా "ఇంకోపారి" అంటూ, మాట మనసులో నిలిచేదాకా వదలలేదు. తప్పయిందని తిరుమల అనలేదు. అనమని ఫర్జానా అడగలేదు. తిరుమల ఆ పుస్తకాన్ని మళ్ళీ చేతికివ్వగానే ఫర్జానా దస్తీలో చుట్టి ముడి బిగించింది.

"వచ్చే శనివారం గూడ ఇట్లనే కొత్తగ తెస్త" అంది గడపలోంచి. "పుస్తకాన్ని కాదు, నా బిడ్డను అడుగు."