ఖాళీ సీట్ల కోసం

"రోజుకు ఆరు విమానాలెక్కుతావు, ఒక్కసారన్నా ఎగిరావా?" అని సూపర్‌వైజర్ అడిగాడు.

"తలుపేసేలోపే దించేస్తారు కదా సార్," అంది క్లీనింగ్ టీమ్ లీడర్.

అందరూ నవ్వారు, ఆమె కూడా. శ్రామికుల కన్నీళ్ల మీద వ్యాసాలు రాసేవారికి ఈమె పనికిరాదు. చేసే పని ఆమెకు ఇష్టం, జీతం వేళకే వస్తుంది. ఉన్న లోటల్లా చెల్లెలే. ఆరువందల ఇరవై కిలోమీటర్ల అవతల, మరో విమానాశ్రయంలో, ఆమెదీ ఇదే పని.

ఇద్దరూ ఒకే టీములో చేరారు. అక్క లీడరయ్యాక, చెల్లెలు వరసగా ఆలస్యంగా వస్తుంటే రిజిస్టర్లో రాసేసింది. సొంత చెల్లెల్ని వదిలేస్తే మిగతావాళ్ల నోళ్లు మూయించేదెలా? జీతంలో కోత పడింది. "నీకు చెల్లెలు కావాలా, పెత్తనం కావాలా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా చెల్లెలు బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది. ఫోనెత్తడం మానేసింది.

విమానం తుడిచాక ప్రతి సీటు మీదా బెల్టును అడ్డంగా వేసి, బకిల్ పైకి కనబడేలా పెట్టాలి. చెల్లెలు మాత్రం బకిల్‌ను పట్టీ కిందకు దోపేది. ఎన్ని తిట్లు తిన్నా ఆ అలవాటు పోలేదు. అక్కడ ఆమె సర్దిన విమానం గంటా పది నిమిషాల్లో ఇక్కడ వాలేది. మనుషులు కూర్చున్న సీట్లలో ఏ గుర్తూ మిగలదు. ఎవరూ కూర్చోని సీట్లో బెల్టు పెట్టింది పెట్టినట్టే ఉండేది. అందుకే విమానం ఫుల్లంటే కంపెనీ సంబరపడేది, లీడరమ్మ మొహం మాడ్చుకునేది. ఖాళీ సీటు దొరికిన రోజు ఆ పట్టీ మీద చెయ్యి వేసి, ఉంది, బాగానే ఉంది అనుకునేది. రూలు ప్రకారం సరిచేయించాల్సింది తనే. ఆ ఒక్కటీ వదిలేసేది.

ఉన్నట్టుండి ఖాళీ సీట్లలో బకిళ్లన్నీ పైకే కనబడసాగాయి. నెలంతా అంతే. పని మానేసిందా? మంచానపడిందా? సూపర్‌వైజర్ దగ్గర అప్పు చేసి టికెట్ కొనుక్కుంది. వెనక వరసలో కూర్చుంది. కిటికీ పక్కనే అయినా ఆకాశం చూడలేదు.

విమానం ఆగి అందరూ దిగిపోయినా ఆమె లేవలేదు. క్లీనింగ్ టీమ్ ఎక్కింది. ముందున్న మాస్కు మనిషి "మేడమ్, దిగాలండీ" అంటూ దగ్గరికొచ్చి ఆగిపోయింది.

"అక్కా! నువ్వేంటి ఇక్కడ?"

"బెల్టులు సరిగ్గా పెడుతున్నావేంటే? నీకేమైందోనని ప్రాణం పోయింది."

"పెట్టేది నేను కాదు. నన్ను లీడర్ని చేశారు. మా టీము పిల్లలు పెడతారు, నేను తిడతా."

చెల్లెలే అడిగింది, "సాయంత్రం దాకా ఉంటావా?"

"తిరిగి బస్సులో పద్నాలుగు గంటలు. పొద్దున్నే డ్యూటీ."

"అయితే బయల్దేరు. లేటైతే రాసేస్తారు."

మాస్కు వెనక నవ్విందో లేదో అక్కకు తెలియలేదు. చెల్లెలే వంగి ఆమె బెల్టు విప్పింది.

ఇప్పుడు ఖాళీ సీట్లు ఆమెకేమీ చెప్పవు. ఫోన్ చేస్తే చెల్లెలు ఒక్కోసారి ఎత్తుతుంది, ఒక్కోసారి ఎత్తదు. టికెట్ అప్పులో సూపర్‌వైజర్‌కు ఇంకా రెండు వాయిదాలు కట్టాలి.